మోకాలికీ పేగుకీ ముడి

అసందర్భంగా మాట్లాడేవాణ్ణి పట్టుకుని, "బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడతావేమిటయ్యా?" అంటాం. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఈ సామెతని మార్జిన్లో ఎర్రసిరాతో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. "తుంటిమీద కొడితే మూతిపళ్ళు రాలాయి" అన్నది దీనికి తోబుట్టువు. రెండూ వేళాకోళానికి పుట్టిన మాటలే. ఎక్కడో తగిలితే ఇంకెక్కడో నొప్పి పుడుతుందా అని నవ్వడమే వాటిలోని చమత్కారం.

అయితే మనిషి శరీరం సామెతలు చదువుకోలేదు. పొట్టలో పేగు ఇరుక్కుంటే మోకాలిదాకా నొప్పి పాకే జబ్బు నిజంగానే ఒకటి వుంది. అది అరుదైన జబ్బే. వచ్చేదీ ఎక్కువగా బాగా వయసు మళ్ళిన, బక్కపలచని ఆడవాళ్ళకి. వాళ్ళే సరిగ్గా పడి ఎముకలు విరగ్గొట్టుకునే మనుషులు కూడాను. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి తారసపడితే విరిగిన ఎముక అందరికీ కనిపిస్తుంది. ఇరుక్కున్న పేగు ఎవరికీ కనిపించదు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ వైద్యం గొడవ ఎందుకంటారా? మా మేనత్తకి ఇదే జరిగింది. ఆ తరవాత డాక్టర్లయిన నా పాత శిష్యులు ఇద్దరు ముగ్గుర్ని పట్టుకుని విసిగించి, వాళ్ళిచ్చిన పుస్తకాలు తిరగేసి, నాకు అర్థమైనంతమట్టుకు మీకు చెబుతున్నాను. మా అత్తయ్య కథ తరవాత చెబుతాను. ముందు ఈ జబ్బేమిటో తెలిస్తేగాని ఆ కథలో పట్టు అందదు.

హెర్నియా అన్న మాట ఇప్పుడు ఇంటింటా తెలిసిందే. మనవాళ్ళు "పేగు జారింది" అంటారు. ఆ మాటలోనే జబ్బంతా వుంది. సుశ్రుతుడు ఏడు రకాల వృద్ధులు చెప్పి, అందులో ఆంత్రవృద్ధి అని దీనికి ఒక పీట వేశాడు. పొట్టగోడలో ఎక్కడో బలహీనమైన చోటు వుంటుంది, అక్కణ్ణించి పేగు బయటికి తోసుకొస్తుంది. గజ్జల్లోనో, బొడ్డు దగ్గరో, పాత ఆపరేషన్ కుట్టు దగ్గరో బుడిపెలా కనిపిస్తుంది. దగ్గితే పెద్దదవుతుంది, పడుకుంటే లోపలికి పోతుంది. చూడగానే పసిపిల్లవాడైనా ఏదో వుందని చెప్పగలడు.

నేను చెప్పబోయేది బుడిపె కనిపించని హెర్నియా.

మన తుంటి ఎముకకి ముందువైపు, కింది భాగంలో, రెండు పక్కలా రెండు పెద్ద రంధ్రాలుంటాయి. అస్థిపంజరం బొమ్మ ఎప్పుడైనా చూసివుంటే రెండు కళ్ళలాగా మనవైపు చూస్తూ వుండేవి అవే. బ్రతికున్న మనిషిలో ఆ రంధ్రాలకి గట్టి పొర ఒకటి మూతలాగా వుంటుంది. పొర పైఅంచున మాత్రం సన్నని దారి ఒకటి వదిలివుంటుంది. పొడవు రెండు మూడు సెంటీమీటర్లు, వెడల్పు ఒక సెంటీమీటరు. పొట్టలోంచి తొడలోకి వెళ్ళే ఒక నరమూ, దానితో రక్తనాళాలూ ఆ దారినే ప్రయాణం చేస్తాయి. వాటి చుట్టూ మిగిలిన ఖాళీని కొవ్వు మెత్తలా నింపి వుంచుతుంది. ఈ రంధ్రానికి వైద్యులు పెట్టిన పేరు ఆబ్టురేటర్. లాటిన్ భాషలో దానికి మూసేది, బిరడా వేసేది అని అర్థమట. మూసేదని పేరు పెట్టుకున్నచోటే తలుపు తెరుచుకోవడం విచిత్రం!

వయసు మళ్ళి మనిషి చిక్కిపోయినప్పుడు ఒంట్లో కొవ్వు అంతటా కరిగినట్టే ఇక్కడి మెత్త కూడా కరిగిపోతుంది. దారి ఖాళీ అవుతుంది. పొట్టలోంచి పేగు మెల్లిగా అందులోకి తలపెడుతుంది. ఆడవాళ్ళకి తుంటి వెడల్పు ఎక్కువ, ఆ దారీ వాళ్ళలో కాస్త వెడల్పు. దానికితోడు నలుగురైదుగురు పిల్లల్ని కనివుంటే అక్కడి కట్లన్నీ సడలివుంటాయి. ఎప్పుడూ దగ్గూ, మలబద్ధకమూ వున్నవాళ్ళయితే పొట్టలోంచి తోపుడు కూడా ఎక్కువ. అంచేత ఈ జబ్బు మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. కుడివైపే ఎక్కువ. ఎడమవైపు పెద్దపేగు భాగం ఒకటి ఆ దారికి అడ్డంగా పడుకుని వుంటుందని కారణం చెబుతారు. మొత్తం హెర్నియాల్లో ఇది నూటికి ఒకటి కూడా వుండదు. చాలామంది సర్జన్లు తమ ఉద్యోగమంతా కలిపి రెండో మూడో చూస్తారు.

బయటికి బుడిపె ఎందుకు కనిపించదంటే, ఆ దారి తొడలోని కండరాలకింద, లోతుగా తెరుచుకుంటుంది. పేగు వాటికింద దాక్కుంటుంది. కాని దారి ఇరుకు, అదే దారిలో నరం వుంది. పేగు వచ్చి నరాన్ని నొక్కుతుంది. ఆ నరం తొడ లోపలివైపు చర్మానికీ, మోకాలికీ సంబంధించినది. కనక నొప్పి పుట్టిన చోట తెలియదు, తొడ లోపలి పక్కనుంచి మోకాలిదాకా దిగుతుంది. కాలు చాపి, పక్కకి ఎడంగా తీసి, లోపలికి తిప్పితే నొప్పి ఎక్కువవుతుంది. మోకాలు మడిచి దగ్గరికి లాక్కుంటే తగ్గుతుంది.

ఈ గుర్తుకి హౌషిప్-రాంబర్గ్ అని ఇద్దరి పేర్లు పెట్టారు. జాన్ హౌషిప్ ఇంగ్లండులో సర్జను, ఆయన 1840లో దీన్ని చెప్పాడు. 1848లో జర్మనీ నరాల వైద్యుడు రాంబర్గ్ మళ్ళీ చెప్పాడు. అసలీ హెర్నియాని మొట్టమొదట 1724లో ఆర్నో ద రోన్సిల్ అనే ఫ్రెంచి సర్జను వర్ణించాడు. 1851లోగాని హెన్రీ ఓబ్రే అనే ఆయన ఆపరేషన్ చేసి రోగిని బ్రతికించలేకపోయాడు. నూట ఇరవయ్యేడేళ్ళు జబ్బు పేరు తెలిసీ మనుషుల్ని దక్కించుకోలేకపోయారన్నమాట.

హౌషిప్ సంగతి ఇంకొకటి నాకు మహా ముచ్చటగా వుంది. వయసు పైబడ్డ ఎముకని కొన్ని కణాలు కొరుక్కుతింటూ వుంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే వాటి కింద చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ఆ గుంటలకి కూడా హౌషిప్ గుంటలనే పేరు. ముసలివాళ్ళ ఎముక ఎందుకు గుల్లబారుతుందో చెప్పే గుర్తుకీ, ముసలివాళ్ళ పేగు ఎక్కడ ఇరుక్కుందో చెప్పే గుర్తుకీ ఒక్క మనిషి పేరే దక్కింది. ఇది కావాలని చేసిన ఏర్పాటు కాదనుకోండి. అయినా చిక్కిపోయిన మనిషికే ఎముకా గుల్లబారుతుంది, చిక్కిపోయిన మనిషికే ఆ దారీ తెరుచుకుంటుంది. రెండు గుమ్మాలూ ఒక్క ఇంటివే.

ఇక మా అత్తయ్య కథ.

తెనాలి దగ్గర పల్లెటూరు. డెబ్భయి తొమ్మిదేళ్ళ మనిషి. ఆరుగుర్ని కన్నది. తూకం వేస్తే ముప్ఫయి ఎనిమిది కిలోలు. మామయ్య పోయినప్పటినుంచీ పగలు ఒక్కపూట భోజనం, రాత్రి కాసిని మజ్జిగ. ఒకరోజు పొద్దున్న స్నానాలగదిలో పడిపోయింది. మా బావ పొలంనుంచి పరుగెత్తుకొచ్చి, కారు మాట్లాడి, టౌన్లో పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఎక్స్‌రే తీస్తే కుడివైపు తుంటికి ముందుభాగంలో ఎముక చిట్లిందన్నారు. తొడ ఎముక మెడ కూడా విరిగిందేమోనని అనుమానం తీర్చుకోవడానికి సి.టి. స్కాన్ కూడా తీశారు. అదృష్టం, అది బాగానే వుంది. "ఆపరేషన్ అక్కర్లేదు. నొప్పికి మందులిస్తాం. కొన్నాళ్ళకి అదే అతుక్కుంటుంది" అన్నారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

మర్నాడు వాంతులు. నొప్పి మందులకి అలా అవుతుందన్నారు, నిజమే, అవుతుంది. మూడోనాటికి పొట్ట ఉబ్బింది. మంచాన పడ్డవాళ్ళకి పేగు కదలదు, మలబద్ధకం చేస్తుందన్నారు. అదీ నిజమే. ఎనిమా ఇచ్చారు, కాస్త విరేచనమైంది. "అదిగో, దారికొచ్చింది" అన్నారు. తొడలో నొప్పి అంటే ఎముక విరిగాక నొప్పి వుండదా అన్నారు. ఇదీ కాదనలేం. చెప్పిన ఒక్కో మాటా విడివిడిగా న్యాయంగానే వుంది. ఆస్పత్రి పేరు చెప్పి దెప్పిపొడవటం నా వుద్దేశం కాదు; ఇంత బుద్ధిగా తోచే కారణాలు వరసగా దొరికినప్పుడు ఇంకో కారణం వెతకడానికి మనిషికి చెయ్యి ఆడదని చెప్పటానికే ఇదంతా.

ఆ రాత్రి పొట్ట చూడమని సర్జరీ విభాగంనుంచి ఒక అమ్మాయిని పిలిచారు. ముప్ఫయ్యేళ్ళు వుంటాయో లేదో. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "ఎలా పడ్డారు?" అని అడిగింది.

"కాలుజారి పడిందండీ" అన్నాడు మా బావ. కేసుకాగితం మీదా అదే వుంది. అత్తయ్య కళ్ళు మూసుకుని, "ఏం లేదమ్మా, బాగానే వున్నా" అంది. మన ముసలివాళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. ప్రాణం పోతున్నా పరాయివాళ్ళ ముందు బాగానే వుంటారు.

ఆ డాక్టరమ్మ అంతటితో వదల్లేదు. గుమ్మం దగ్గర గిన్నె కడుగుతూ నిలబడ్డ మా బావ భార్యవైపు తిరిగింది. నాకు చెల్లెలి వరస. "మీరెవరు? కోడలా? పడకముందు ఎలా వున్నారమ్మా ఈవిడ?" అంది.

మూడురోజులుగా ఆ అమ్మాయిని ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఇప్పుడు అడిగేసరికి గుక్కతిప్పుకోకుండా చెప్పింది. "పడక ముందే వాంతి చేసుకున్నారండీ. ఆ ముందురోజు సాయంత్రంనుంచీ పొట్టలో మెలిపెడుతోందని ఏమీ తినలేదు. పొద్దున్న కళ్ళు తిరుగుతున్నాయన్నారు. జారలేదండీ, తూలిపడ్డారు. నేల తడిగా కూడా లేదు. రెండు మూడు నెలల్నుంచీ ఇలా అప్పుడప్పుడూ వస్తోంది. పొట్టలో నొప్పి, కాలు లాగటం. మోకాలికింద దిండు పెట్టమంటారు. కాసేపటికి తగ్గిపోతుంది. వాతమనుకున్నాం. వాంతి నిన్న పచ్చగా వుంది, ఇవాళ రంగు మారి వాసనేస్తోంది."

మా బావ నోరు తెరుచుకుని పెళ్ళాంవైపు చూశాడు. ఇందులో ఒక్కటీ ఆయనకి తెలియదు పాపం.

డాక్టరమ్మ దుప్పటి తీసింది. అత్తయ్య కుడికాలు మడిచే వుంది. విరిగిన కాలు చాపి తిప్పి చూస్తే ఎటూ నొప్పే. హౌషిప్ చెప్పిన పరీక్ష ఇలాంటివాళ్ళ దగ్గర పనికిరాదు. అందుకని రబ్బరు సుత్తి తెప్పించింది. మోకాలిచిప్ప కింద తడితే కాలు ఉలికిపడింది. మోకాలికి కాస్త పైన, తొడ లోపలిపక్క వేలు ఆనించి దానిమీద తడితే మంచికాల్లో కండరం ఎగిరింది, ఈ కాల్లో కదల్లేదు. 1980లో హానింగ్టన్-కిఫ్ అనే ఆయన చెప్పిన గుర్తట ఇది. కాలు కదపనక్కర్లేదు, సుత్తి వుంటే చాలు. నరం ఎక్కడో నలుగుతోందని దానికి అర్థం.

తరవాత ఆమె చేసిన పని మరీ చిత్రం. మొదటిరోజు తుంటికి తీసిన స్కాన్‌ని కంప్యూటర్లో మళ్ళీ తెరిపించింది. సి.టి. స్కాన్‌ని ఒకే బొమ్మ అనుకుంటాం మనం. కాదట. ఎముకలు స్పష్టంగా కనిపించేలా ఒక రకంగా, మెత్తని భాగాలు కనిపించేలా ఇంకో రకంగా చూస్తారు. ఎముకలకని చూసినప్పుడు పేగూ కండరమూ మసకమసకగా కలిసిపోతాయి. మొదటిరోజు అందరూ విరిగిన ఎముక కోసం చూశారు, దొరికింది, ఆపేశారు. ఇప్పుడు మీట మార్చి చూస్తే, కుడివైపు రంధ్రం దగ్గర, రెండు కండరాల మధ్య, గోళీకాయంత గుండ్రటి నీడ. పేగు! చిట్లిన ఎముకకి బెత్తెడు దూరంలో వుంది. ఆ తరవాత పొట్టకి వేరే స్కాన్ తీసి, పైన పేగులన్నీ ఉబ్బిపోయి వున్నాయని రూఢి చేసుకున్నారు.

"ఈ రాత్రే ఆపరేషన్ చెయ్యాలి" అంది.

మా బావ జంకాడు. "ఈ వయసులో కోతేమిటమ్మా? ముప్ఫయి ఎనిమిది కిలోల మనిషి. తట్టుకుంటుందా?" అన్నాడు. ఆ ప్రశ్న తప్పని నేననను. కన్నతల్లి ఒంటిమీద కత్తి పెట్టమని సంతకం చెయ్యాలంటే ఎవరి చెయ్యయినా వణుకుతుంది. డాక్టరమ్మ మాట దాచలేదు. "ప్రమాదమే అండీ. బ్రతుకుతారని కాగితం రాసివ్వలేను. కాని ఇరుక్కున్న పేగుకి రక్తం అందటంలేదు. చెయ్యకపోతే ఏమవుతుందో మాత్రం చెప్పగలను" అంది.

సంతకం పెట్టాడు. జానెడు పేగు నల్లబడివుంటే కోసి తీసి, మంచి కొసలు కలిపి కుట్టారు. దారి మూసేశారు. మూడువారాలు ఆస్పత్రిలో వుండి, మధ్యలో ఒకసారి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి మమ్మల్ని హడలగొట్టి, అత్తయ్య ఇంటికి వచ్చింది.

ఇప్పుడు, ఇది ఎందుకింత తేలిగ్గా తప్పిపోతుందో చెబుతాను. ఎముక విరిగిన ముసలివాళ్ళలో పొట్ట ఉబ్బటం, వాంతులు కావటం చాలా మామూలు. పేగులో అడ్డంకి ఏమీ లేకుండానే పెద్దపేగు ఉబ్బి కదలకుండా పడుకునే స్థితి ఒకటుంది, 1948లో ఓగిల్వీ అనే ఇంగ్లీషు సర్జను దాన్ని వర్ణించాడు. తుంటి ఆపరేషన్లు అయినవాళ్ళలో అది కనిపిస్తూనే వుంటుంది. నొప్పి మందులు కూడా పేగుని నిద్రపుచ్చుతాయి. అంచేత నూరుమందిలో తొంభైతొమ్మిదిమందికి డాక్టర్లు చెప్పే మామూలు కారణమే సరైన కారణమవుతుంది. ఆ మిగిలిన ఒక్కరి గురించే నా గోలంతా.

విరేచనమైంది కదా, గాలి పోతోంది కదా అన్న ధైర్యం కూడా ఇక్కడ పూర్తిగా పనికిరాదు. ఈ హెర్నియాలో చాలాసార్లు పేగు మొత్తం కాక దాని గోడలో ఒక పక్క మాత్రమే ఇరుక్కుంటుంది. రిక్టర్ అనే జర్మన్ సర్జను పద్దెనిమిదో శతాబ్దంలోనే ఈ రకాన్ని గుర్తించాడు. అలాంటప్పుడు దారి పూర్తిగా మూసుకుపోదు, కొంత కిందికి జారుతూనే వుంటుంది. ఇరుక్కున్న గోడ మాత్రం చచ్చిపోతూ వుంటుంది. హౌషిప్ చెప్పిన మోకాలి నొప్పి వుందా అంటే, సగంమందిలో కూడా అది స్పష్టంగా కనిపించదు. వున్నవాళ్ళలోనూ కీళ్ళవాతం కిందో, నడుము నరం కిందో, విరిగిన ఎముక కిందో జమకట్టేస్తారు.

ఇక పొట్టకీ ఎముకకీ ముడిపడే హెర్నియాలు ఇదొక్కటే కాదు. తొడ మొదట్లో, గజ్జ మడతకి కాస్త కింద వచ్చేది ఒకటుంది. ఫెమొరల్ హెర్నియా అంటారు. ఇదీ ముసలి ఆడవాళ్ళకే ఎక్కువ, పైదానికంటే తరచు. ఉసిరికాయంత బుడిపె వుంటుంది, కాని కట్టు కట్టి, దుప్పటి కప్పి, సిగ్గుతో చీర బిగించుకున్న మనిషిలో దాన్ని చూసేదెవరు? పక్కటెముకలు విరిగినవాళ్ళలో గుండెకీ పొట్టకీ మధ్య వుండే తెర చిరిగి, జీర్ణాశయమో పేగో ఛాతీలోకి ఎక్కటమూ వుంది. ఎడమవైపే ఎక్కువ, కుడివైపు కాలేయం కాపలా కాస్తుంది గనక. అది దెబ్బ తగిలిన నెలలకో, ఏళ్ళకో కూడా బయటపడవచ్చు. ఆయాసం చూసి నెమ్ము అనుకుంటారు. వెన్నుపూసలు ఒక్కొక్కటే నలిగి గూని వచ్చినవాళ్ళలో జీర్ణాశయం కొంత పైకి జారి, గుండెమంటా, తిన్నవెంటనే ఆయాసమూ రావటం మామూలే. దానికి ఇంత కంగారు లేదు. తుంటి అంచునుంచి ఎముకముక్క తీసి ఇంకోచోట అతికించినవాళ్ళకి, ఆ తీసినచోట, నడుము పక్కన పేగు జారిన సందర్భాలూ వైద్యగ్రంథాల్లో వున్నాయి. వీటిని గురించి ఇంతకంటే చెప్పటానికి నాకు అధికారం లేదు.

నా అధికారం ఎంతవరకంటే, మంచం పక్కన కూర్చునేవాళ్ళతో మాట్లాడటంవరకు. ఆస్పత్రిలో ప్రశ్నలన్నీ ఇంటి యజమానికి వస్తాయి. ఆయన సంతకం పెడతాడు, బిల్లు కడతాడు, బయట వరండాలో ఫోన్లు మాట్లాడతాడు. ముసలమ్మకి మంచంమీదే అన్నీ చేసే మనిషి వేరే వుంటుంది. కోడలో, కూతురో, నెలజీతానికి పెట్టుకున్న ఆయమ్మో. వాంతి రంగు తెలిసింది ఆ మనిషికి. దిండు ఎక్కడ పెట్టమంటుందో తెలిసింది ఆ మనిషికి. డాక్టరుగారు వచ్చినప్పుడు దయచేసి ఆమెని ముందుకి రానివ్వండి. ఆమె బెదిరితే మీరే అడిగి చెప్పించండి. పడకముందు రెండురోజులు తిండి ఎలా తిన్నది, ఇలాంటి నొప్పి ఇదివరకు వచ్చి పోయిందా, నొప్పి తొడ బయటివైపా లోపలివైపా, కాలు మడిస్తే హాయిగా వుందంటోందా. ఇవి ఎక్స్‌రేలో పడవు. "జారిపడ్డారా, తూలిపడ్డారా?" అన్నదొక్కటి తేలినా సగం దారి కనిపిస్తుంది. జారటం నేల తప్పు. తూలటానికి వెనక ఏదో వుంటుంది.

ఎముక విరిగిన పెద్దవాళ్ళకి పొట్ట ఉబ్బి వాంతులు అవుతూ వుంటే ఇంట్లో ఆముదం పట్టించటం, డాక్టరుని అడక్కుండా విరేచనం మాత్రలు మింగించటం మాత్రం చెయ్యకండి. అడ్డుపడ్డ గొట్టంలోకి వెనకనుంచి నీళ్ళు తోసినట్టే అది. నొప్పి మందులు మానెయ్యమని కూడా నేననటంలేదు. విరిగిన ఎముకతో బాధపడమనటం అన్యాయం. వాంతులు ఆగకపోయినా, వాటి రంగు మారినా, పొట్ట గట్టిపడినా, "ఎముక సంగతి సరేనండి, పేగు సంగతి కూడా ఒకసారి చూడమంటారా?" అని అడగండి. పెద్ద చదువులు చదివినవాళ్ళని మనమడగటమేమిటని మొహమాటపడకండి. మంచి డాక్టరు ఆ ప్రశ్నకి కోప్పడడు. పొట్టకి స్కాన్ తీసేటప్పుడు తొడ మొదలుదాకా తీస్తారా అని కూడా అడగవచ్చు, ఈ రంధ్రం అంత కిందన వుంటుంది మరి.

మా అత్తయ్యకి పొట్ట తెరిచినప్పుడు ఎడమవైపు కూడా చూశారట. అటూ దారి కాస్త తెరుచుకునే వుంది, ఈ జబ్బులో అది వింత కాదంటారు. పనిలో పనిగా అటూ మూసేశారు. ఎముక దానిమానాన అది అతుక్కుంది. చేతికర్ర పట్టుకుని పెరట్లోకి వెళుతోంది. ఎముక బలానికి మందులు రాసిచ్చారు. వాటితోపాటు, "రెండుపూటలా తినాలి, ఒంట్లో కాస్త కండా కొవ్వూ చేరాలి, లేకపోతే ఈ ఎముకా నిలవదు, మేము వేసిన కుట్టూ నిలవదు" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

అక్కడ మాత్రం పెద్ద యుద్ధమే జరిగింది. మామయ్య పోయిన పద్ధెనిమిదేళ్ళుగా రాత్రి అన్నం ముట్టని మనిషి. "ఏమిట్రా అబ్బాయ్, చదువుకున్నవాడివి, నువ్వైనా చెప్పవేమిట్రా వాళ్ళకి!" అని నామీద కేకలేసింది. నేను డాక్టరమ్మ పక్షం వహించాను. చివరికి రాత్రిపూట రెండు ఇడ్లీలకీ, గ్లాసుడు పాలకీ ఒప్పుకుంది. ఏకాదశి మాత్రం వదలనంది. ఆ రోజుకి పాలూ పళ్ళూ అయినా పుచ్చుకోవాలని రాజీ కుదిరింది. కోడలు కాలెండరులో ఏకాదశులకి సున్నాలు చుట్టి, పక్కన అరటిపళ్ళు ఎన్నో రాసిపెట్టుకుంటోంది.